చీమ పాటలో రెండో సగం

పోయిన నెలలో సబ్బవరం నుంచి ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికొచ్చారు. ఫంక్షన్లలో జంటగా పాడే పని మొదలుపెడతారట, నా దగ్గర నేర్చుకుంటారట. వచ్చినదేదో పాడమన్నాను. ఇద్దరూ గొంతు కలిపి చీమ పాట ఎత్తుకున్నారు. బాగానే పాడారు. శ్రుతి తప్పలేదు. నేను ఎక్కడ ఆగుతానో అక్కడ ఆగారు, ఎక్కడ కనుబొమ్మ ఎగరేస్తానో అక్కడ ఎగరేశారు. నాలుగు వరసలయ్యాక ఆపేసి, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూశారు.

"మిగతాదేది?" అన్నాను.

"ఇంకేటుంది మామ్మా? సీడీలో అంతే ఉంది" అంది వాళ్లలో పెద్దది.

మజ్జిగ ఇచ్చి పంపించేశాను. వాళ్లు వెళ్లాక కోపం మాత్రం వెళ్లలేదు. అది వాళ్ల మీద కాదు. ఎవరి మీదో ముందు ముందు రాస్తాను. నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ రాసింది ఇది. మా మనవరాలు తప్పులు దిద్దింది. మాట మాత్రం మార్చనివ్వలేదు.

పని ఏమిటంటే

నా పేరు నూకరత్నం, మాది అనకాపల్లి. నా జంట సువార్తమ్మ. ఆవిడ చర్చిలో హార్మోనియం నేర్చుకుంది, నేను మా నాన్న డోలక్ మీద నేర్చుకున్నాను. పెళ్లి భోజనాల దగ్గర పాడటం మా ఇద్దరి వృత్తి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఆయాసం, నాకు చేతి వేళ్లు పట్టెయ్యడం వచ్చేదాకా ఆ పనే చేశాం.

వియ్యాలవారు ఎదురెదురు బంతుల్లో కూర్చుంటే మేం మధ్యలో చాప వేసుకునేవాళ్లం. ఒకరం ఆడపెళ్లివారి మనిషి, ఒకరం మగపెళ్లివారి మనిషి. ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. పాటలో మొదలైన ఆ పిలుపు తర్వాత ఇళ్లలోకీ వచ్చేసింది. ఒకరం ఎదుటి వియ్యపురాలిని ఎత్తిపొడుస్తూ పాడతాం. దాన్ని పోటు అంటాం. రెండో ఆవిడ ఆ వియ్యపురాలి తరఫున తిప్పికొడుతూ పాడుతుంది. దాన్ని జవాబు అంటాం. జవాబు అయ్యాక, పోటు పాడిన మనిషి లేచి, తను ఎవరిని ఎత్తిపొడిచిందో ఆవిడ విస్తరి ముందు కూర్చుని నోరు తెరవాలి. ఆవిడ ఒక ముద్ద పెడుతుంది. ఆ ముద్ద నోట్లో పడితేనే పాట అయినట్టు. పెట్టకపోతే మేం తప్పు పాడినట్టు. హిందువుల పెళ్లయినా, క్రైస్తవుల పెళ్లయినా ఇదే పద్ధతి. ప్రార్థన అయిపోయి విందు దగ్గరకొచ్చాక వియ్యపురాళ్లందరూ ఒకటే.

డబ్బు సంగతి ఇక్కడ రాయను. అది ఎవరి బేరం వాళ్లదే.

ఇన్నేళ్లు మీ జంట మీద జనానికి మోజు ఎందుకు తీరలేదని అడుగుతారు. గొంతు బాగుంటుందంటారు, మాటకి మాట తగిలిస్తారంటారు. అదంతా పైపూత. మేం ఎవరిని ఎగతాళి చేశామో ఆ మనిషే తన ఇంట్లో మరో పెళ్లికి మమ్మల్ని పిలిచేది. నా ఎరికలో మా పనికి ఉన్న కొలత అదొక్కటే. ఇప్పుడు మైకు పట్టుకుని వచ్చే కుర్రాళ్లు పెళ్లికూతురు లావంటారు, పెళ్లికొడుకు నలుపంటారు, అందరూ నవ్వాక బిరియానీ తిని వెళ్లిపోతారు. లావు మనిషి ఏం జవాబు చెప్పాలి? నల్లటివాడు ఏం పాడాలి? జవాబుకి చోటు లేని పోటు ఉత్త తిట్టు. తిట్టడానికి సంగీతం ఎందుకు, కుళాయి దగ్గర ఊరికే దొరుకుతుంది.

అప్పన్న మేస్త్రీ

మాకు మొదట పని ఇచ్చింది సన్నాయి మేళం పెద్ద అప్పన్న మేస్త్రీ. ఆయన మనుషులు భోజనానికి లేచినప్పుడు పందిరి చల్లబడకూడదని మమ్మల్ని పెట్టుకున్నాడు. పోయినవాళ్లని పొగడాలంటారు గానీ అబద్ధం రాయలేను. ఆయన చెవి గొప్పది, గుండె చిన్నది. మగవాళ్ల మీద పాట కట్టనిచ్చేవాడు కాదు.

"ఆడోళ్ల మీద పాడండి, నవ్వి ఊరుకుంటారు. మగోడి మీద పాడితే నా మేళం పోద్ది" అనేవాడు.

"ఆడోళ్లు ఊరుకుంటారని నీకెవరు సెప్పేరు మేస్త్రీ? ఇంటికెళ్లి మీ ఆవిణ్ణడుగు" అంది సువార్తమ్మ.

ఆయన అడగలేదు. మాకు ఆఖరి బంతిలో, కూరలు అయిపోయాక, సాంబారన్నం పెట్టించేవాడు. ఆ కోపం ఇప్పటికీ నాకుంది. కానీ ఆయన చెప్పిన ఒక్క మాట దగ్గర మాత్రం తల వంచుతాను.

"పాడేవోళ్లు నవ్వకూడదు. మీరే నవ్వేత్తే జనానికేటి మిగుల్తాది?"

అందుకే చీమ పాట పాడినా, దోమ పాట పాడినా మా ఇద్దరి మొహాలూ కోర్టులో సాక్షుల్లా ఉండేవి. ఈ రోజు టీవీ పెడితే వాళ్ల మాటకి వాళ్లే పడీపడీ నవ్వుకుంటున్నారు. చూసేవాడికి పనేముంది?

ఆయన కూతురి పెళ్లిలో ఆయన మాట మేం దాటాం. ఆ రోజు ఆయన ఆడపిల్ల తండ్రి, సువార్తమ్మ మగపెళ్లివారి మనిషి. ఊరందరి పెళ్లిళ్లలో బుగ్గలు పగిలేలా ఊదే మేస్త్రీ, ఇంట్లో పెళ్లాం ముందు ఊపిరి కూడా మెల్లిగా తీస్తాడని పాడింది. పందిరి గొల్లుమంది. నేను ఆయన తరఫున జవాబు కట్టాను. ఆవిడ ఊపిరి తీయనిస్తేనే కదా నేను మీ పెళ్లిళ్లలో ఊదగలిగేది అని. మేస్త్రీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సువార్తమ్మ వెళ్లి నోరు తెరిచింది. ఆయన కాసేపు ఎటో చూసి, లడ్డూ తుంచి పెట్టాడు. మగవాడి చేతి నుంచి మాకు దక్కిన మొదటి ముద్ద అదే.

వంకాయలు తరిగేచోట

ఇది సువార్తమ్మ రాయమంటేనే రాస్తున్నాను. "దాయకు వొదినా. నేర్సుకునే పిల్లలకి ఇదే ముందు తెలియాల" అంది.

రావికమతం వైపు ఒక క్రైస్తవుల పెళ్లి. తన చర్చి సంఘం వాళ్లే, అందరూ తనకి తెలుసునని సువార్తమ్మ అనుకుంది. ఆ రోజు పోటు ఆవిడది. మగపెళ్లివారి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. పెళ్లికొడుకు తండ్రిదని ఎవరో అన్నారు. వెంటనే అల్లేసింది. మావగారికి బద్ధకం, కొడుకు పెళ్లికి కుర్చీని పంపించి తను ఇంట్లో పడుకున్నాడని. ఒక్కరు నవ్వలేదు. ఆ మనిషి ఎప్పుడో ఇల్లు విడిచిపోయాడు. కొడుకు పెళ్లికైనా వస్తాడేమోనని తల్లి ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆవిడ విస్తరి ముందు నుంచి లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను దేనికి జవాబు పాడను? డోలక్ పక్కన పెట్టేశాను. ముద్ద లేదు.

బస్సు అనకాపల్లి వచ్చింది. దిగాక సువార్తమ్మ అంది. "వొదినా, ఇకమీద పొద్దున్నే ఎళ్దాం."

అప్పటి నుంచి ఏ పెళ్లికైనా పొద్దున్నే వెళ్లి కూరలు తరిగేచోట కూర్చునేవాళ్లం. మా కత్తిపీటలు మేమే తీసుకెళ్లేవాళ్లం. వంకాయలు తరిగేచోట బయటపడని సంగతి ఉండదు. ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరి కడుపు కోత ఏమిటి, ఎవరి పేరు ఎత్తకూడదు, అన్నీ అక్కడే రాలతాయి. ఎవరి మీద పాడాలనుకుంటామో ఆ మనిషిని అక్కడే అడిగేవాళ్లం, మీ మీద పాడమంటారా అని. ఇదేం గొప్ప కిటుకు కాదు, మర్యాద. దీన్ని బోరు అనేవాళ్లు ఈ పనిలోకి రాకండి.

చీమ పాట

ఇప్పుడు అసలు సంగతి.

మా వీధిలో పార్వతి కూతురు దేవికి ఎస్. రాయవరం అవతల పల్లెలో సంబంధం కుదిరింది. చెరకు రైతులు, పెద్ద పెనం పెట్టి సొంతంగా బెల్లం వండుతారు. వాళ్లలో పెళ్లి మగపిల్లాడి ఊళ్లోనే చేస్తారు. పాటకి మమ్మల్ని పార్వతి పిలిచింది. వీడియో తీయడానికి చిట్టిబాబు అనేవాడిని కూడా తనే కుదిర్చింది. మా పక్క ఊళ్లన్నిటికీ కేబుల్ టీవీ ఇచ్చేదీ వాడే.

పొద్దున్నే వెళ్లి కత్తిపీట ముందు కూర్చున్నాం. పెళ్లికొడుకు తల్లి వరహాలమ్మ వచ్చింది. మేం అవతల పారేసిన తొడిమలు ఏరి మళ్లీ మా ముందు పోసింది.

"వీటికి ఇంకా కండుంది. ఎవులి సొమ్మనుకున్నారు?" అంది.

నాకు ఆవిడ అక్కడికక్కడే నచ్చింది. మా ఇంట్లోనూ తొడిమకి కండ వదలం. పక్కవాళ్లు మాత్రం గుసగుసలాడారు. వరహాలమ్మ ఇంట బెల్లం పొంగుతున్నా పొరుగు పిల్ల నోట ముక్కయినా పడదని. ఆవిడకి వినపడేలాగే అన్నారు. ఆవిడ వినపడనట్టే ఉంది. కాసేపయ్యాక అడిగాను.

"మీ మీద పాడితే కోపమొత్తాదేటండి?"

"దేని మీద పాడతావు?"

"మీ పొదుపు మీద."

చేతిలో వంకాయని నాలుగు చీలికలు చేసి నీళ్లలో వేసింది.

"పాడు. ఊరంతా ఎనకాల అంటన్నదే, నువ్వు ముందర అను. జవాబు మట్టుకు గట్టిగుండాల."

మధ్యాహ్నం భోజనాల దగ్గర పాడాను.

బెల్లమొండే ఇంటికొదినా సీమొకటొచ్చింది
మూలమూలా ఎతికొదినా మూతెండిపోయింది
పెనమడుగు గీకి గీకి మా వదినే నాకింది
పస్తు పడ్డ సీమొదినా పక్కూరెలిపోయింది

వడ్డించేవాళ్లు బకెట్లు కింద పెట్టేసి నవ్వారు. ఆ నవ్వు సగంలో ఉండగానే సువార్తమ్మ హార్మోనియం మెల్లిగా ఎత్తుకుంది. ఆవిడ గొంతులో ఒక జీర ఉంది, నవ్వుతున్న మనిషిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

సీమకెట్టి ఉంటె ఒదినా సిన్నదానికేటుంది
నాకు నేను తినకొదినా నాలుగచ్చులు దాసేను
నీ కడుపున పుట్టిందొదినా నా గడప తొక్కింది
దాసిన బెల్లమంతొదినా దాని నోటికందిత్తాను

పందిరిలో చప్పుడు ఆగిపోయింది. పార్వతి కళ్లు ఒత్తుకుంది. గుసగుసలాడిన ఆడవాళ్లు విస్తరిలోకి చూసుకున్నారు. నేను వెళ్లి వరహాలమ్మ ముందు నోరు తెరిచాను. బూరె విరిచి, సగం కాదు, మొత్తం నా నోట్లో కుక్కింది. మాట్లాడటానికి లేకుండా చేశానని అందరికీ చూపించింది. అప్పుడు మళ్లీ నవ్వారు. ఈసారి ఆవిడ వైపు నుంచి నవ్వారు.

పాటంటే ఇదంతా. మొదటి నవ్వు, చప్పుడు ఆగడం, ముద్ద, రెండో నవ్వు.

కత్తిరించినవాడు

పెళ్లయిన కొన్నాళ్లకి చిట్టిబాబు తన కేబుల్లో చీమ పాట వేశాడు. సినిమాకీ సినిమాకీ మధ్య వేశాడు, పొద్దున వేశాడు, సాయంత్రం వేశాడు. తర్వాత "నవ్వుల జంట" అని పేరు పెట్టి సీడీలు కొట్టి బస్టాండు దగ్గర అమ్మించాడు. మమ్మల్ని అడగలేదు.

మొదటిసారి మా ఎదురింటి టీవీలో చూశాను. నేను నాలుగు వరసలూ పాడాను. జనం నవ్వారు. సువార్తమ్మ హార్మోనియం మీద వేళ్లు పెట్టి నోరు తెరిచింది. అంతే, చీరల కొట్టు ప్రకటన వచ్చింది. ప్రతిసారీ అంతే. ఆవిడ నోరు తెరుస్తుంది, చీరలు వస్తాయి. జంట అని పేరు పెట్టి జంటలో ఒక మనిషి గొంతు నులిమేశాడు.

వీధిలో అందరూ మెచ్చుకున్నారు. "మామ్మా, ఏం వాయించేవు ఆ వియ్యపురాలిని" అనేవారు. మెచ్చుకున్న ప్రతి మనిషి మీదా నాకు మంట పుట్టింది. సువార్తమ్మ మాత్రం "పోన్లే వొదినా, నీ మొకమైనా వత్తంది గదా" అంది. అలా అనకూడదని ఆవిడ మీద కూడా అరిచాను.

తర్వాత ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు కదా, దేవి పుట్టింటికి వచ్చింది. శ్రావణం రాగానే అత్తగారు సారె తెచ్చి తీసుకెళ్లాలి. శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం కూడా అయిపోయింది. ఎవరూ రాలేదు. పార్వతి కబురు పెడితే, అక్కడ పని తెమలడం లేదని జవాబొచ్చింది. ఒక పొద్దున పార్వతి మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. వెనకాలే దేవి.

"నీ పాటేటో గానీ పిన్నీ, నా పిల్ల బతుకు మీదకొచ్చింది" అంది పార్వతి. "బెల్లం మార్కెట్లో మా వియ్యంకుణ్ణి సూసి సీమలు బాగున్నాయా అంటన్నారంట. ఊళ్లో పిల్లలు ఆవిడ గుమ్మం ముందర ఆ పాటే పాడతన్నారంట. వీడియోవోణ్ణి మేవే తెచ్చేం గదా, కావాలని మేవే ఏయించేవనుకుంటన్నారు."

"జవాబు కూడా పాడేం కదా, ఆ ఊరోళ్లందరూ ఇన్నారు కదా" అన్నాను.

"పెళ్లిలో ఒక్కసారి ఇన్నారు. టీవీలో రోజూ ఇంటన్నారు" అంది.

నేను దేవి వైపు చూశాను. "మీ ఆయనేటంటున్నాడు?"

"అమ్మ సల్లబడనీ, వత్తాను అంటన్నాడు" అంది దేవి. కొడుకన్నవాడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. ఆ పిల్ల ముందుకొచ్చి, "మా అత్త మంచిదే మామ్మా. నన్నెప్పుడూ ఒక మాటనలేదు. నాకు ఎళ్లాలని ఉంది" అంది.

చెప్పులు వేసుకుని తిన్నగా చిట్టిబాబు ఆఫీసుకి వెళ్లాను.

"రా మామ్మా, కూకో. ఊరంతా నీ పేరే" అన్నాడు.

"నా పేరు పుట్టినప్పుడే పెట్టేరు, నువ్వు పెట్టక్కర్లేదు. జవాబు ఎందుకు తీసేసేవు?"

"అక్కడ నవ్వు లేదు మామ్మా. జనం సానల్ మార్చేత్తారు."

"ఈ రోజు నుంచి మొత్తం పాట వెయ్యి."

తల గోక్కున్నాడు. "ఆ క్యాసెట్టు మీద ఇంకో పెళ్లి తీసేసేను. పార్వతమ్మకిచ్చిన దాంట్లో కూడా తలంబ్రాలయ్యాక నీ నాలుగు వరసలే ఏసేను. మిగతాది లేదు."

పొదుపంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొత్త క్యాసెట్టు కొనకుండా ఒక ఆడమనిషి పరువు చెరిపి దాని మీద ఇంకొకరి పెళ్లి తీసినవాడిది పొదుపు కాదు. "వెయ్యడం ఆపు" అన్నాను. చూద్దామన్నాడు. ఆపలేదు. ఆడపిల్ల పుట్టింట్లో కూర్చుంటే వాడికేం, చీరల కొట్టువాళ్లు సంతోషంగా ఉన్నారు.

జవాబు ఇక సువార్తమ్మ గొంతులో తప్ప ఎక్కడా లేదు.

వరహాలమ్మ అరుగు

పార్వతి వస్తానంది. వద్దన్నాను. పాట మాది, వెళ్లాల్సింది మేమే. డోలక్ భుజానికి తగిలించుకున్నాను. సువార్తమ్మ ఆయాసపడుతూనే హార్మోనియం పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

వరహాలమ్మ పశువులకి కుడితి పెడుతోంది. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు.

"ఏటి, ఇంకా సీమలు మిగిలేయా?" అంది.

"చెప్పడానికొచ్చేం" అన్నాను. "పార్వతికి దీంతో సంబంధం లేదు. ఆ కేబులోడు మమ్మల్నీ అడగలేదు. జవాబు చెరిపేసేడు."

"నీ గొంతు నీది కాదా? నువ్వు పాడకపోతే ఆడేటి సెరుపుతాడు?"

ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"మొదట నువ్వడిగేవు, నేను పాడమన్నాను. ఆ కాడికి నాకేం కోపం లేదు. సంతకెళ్తే సీమంటన్నారు, రేషన్ కొట్టుకెళ్తే సీమంటన్నారు. పెళ్లిలో నా బూరెలు తిన్నోళ్లే అంటన్నారు. కోడల్ని తెచ్చుకుంటే దానికీ అదే మాట. నా ఇంట్లోకొచ్చి అది కూడా సీమ కోడలనిపించుకోవాలా? అక్కడుంటే దాని పేరైనా దానికుంటాది."

ఆవిడ కోపంతో పిల్లని తీసుకురావడం మానేసిందని మేమందరం అనుకున్నాం. సువార్తమ్మ ఇక ఆగలేదు. అడగకుండానే అరుగు మీద కూర్చుని పెట్టె తెరిచింది. టీవీలో కనపడేవాళ్లు వచ్చారని ఇరుగుపొరుగు గోడల మీదుగా చూస్తున్నారు, కొందరు వాకిట్లోకే వచ్చేశారు. ఒకడు అప్పుడే "బెల్లమొండే" అని ఎత్తుకున్నాడు. డోలక్ మీద ఒక్కటి వాయించాను, నోరు మూసుకున్నాడు.

సువార్తమ్మ ఎత్తుకుంది.

సీమకెట్టి ఉంటె ఒదినా సిన్నదానికేటుంది
నాకు నేను తినకొదినా నాలుగచ్చులు దాసేను

అక్కడ ఆయాసం వచ్చేసింది. దగ్గు మొదలైంది. వేళ్లు హార్మోనియం మీద ఉన్నాయి గానీ గొంతు రాలేదు. టీవీలో లాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను అందుకోకూడదు. పోటు పాడిన గొంతుతో జవాబు పాడితే అది జవాబు కాదు. డోలక్ ఆపకుండా వాయిస్తూ కూర్చున్నాను. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

పశువుల కొట్టం దగ్గర నుంచి మూడో వరస వినపడింది.

నీ కడుపున పుట్టిందొదినా నా గడప తొక్కింది

వరహాలమ్మ మా వైపు చూడటం లేదు. గోడల మీది మొహాల వైపు తిరిగి పాడుతోంది. గొంతు మోటు. శ్రుతి లేదు. తప్పు మాత్రం ఒక్క ముక్క లేదు.

దాసిన బెల్లమంతొదినా దాని నోటికందిత్తాను

ఆ వరస మళ్లీ పాడింది, ఇంకా గట్టిగా, వాకిట్లోకి వచ్చినవాళ్లు వెనక్కి జరిగేలా.

"నీకు మొత్తం ఎలాగొచ్చు?" అంది సువార్తమ్మ, దగ్గు ఆగాక.

"నా కోడలు పొయ్యి దగ్గర రోజూ ఇదే పాడేది. మొదటిది ఎప్పుడూ పాడలేదు."

పెళ్లిలో విని కూడా మరిచిపోయిన ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఒక ముసలావిడ, "అవునే, ఇది కూడా పాడేరు గదా" అంది ఎవరితోనో. నాకు ఆవిడని కొట్టాలనిపించింది. ఇన్నాళ్లూ ఏం చేశావు?

నేను అరుగు దిగి వరహాలమ్మ ముందుకెళ్లి నోరు తెరిచాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నాను. అన్నంలో బెల్లం కలిపి ముద్ద పట్టుకొచ్చింది. చిన్న ముద్ద.

"తిను. సీమకి పెట్టేదానికంటే ఎక్కువే పెట్టేను" అంది, మొహంలో నవ్వన్నది లేకుండా.

అప్పన్న మేస్త్రీ ఉంటే ఆవిడని మేళంలో చేర్చుకునేవాడు. వాకిట్లో వాళ్లందరూ నవ్వారు. ఈసారి ఆవిడ వాళ్లని నవ్వనిచ్చింది.

నేను ముద్ద మింగేలోపు ఆవిడ చీర మార్చుకుని, కోడలి సారెకని సంచిలో నాలుగు బెల్లం అచ్చులు పెట్టుకుని బయటికొచ్చింది. ముగ్గురం బస్సెక్కాం. హార్మోనియం పెట్టెకి లగేజీ టిక్కెట్టు కొట్టాలన్నాడు కండక్టరు.

"పెట్టెకి టిక్కెట్టేటి? అది సీట్లో కూకుందా? నా ఒళ్లో కూకుంది" అని వరహాలమ్మ దాన్ని తన ఒళ్లోకి లాక్కుంది. కండక్టరు వెళ్లిపోయాడు.

సగం దారిలో, పెట్టె మీద మోచేతులు ఆనించుకుని, నా వైపు వంగింది.

"ఆ కేబులోడికి పెళ్లయ్యిందేటి?"

"లేదు. సంబంధాలు చూస్తున్నారంట."

"కుదరనీ. ఆ పెళ్లికి మనం ముగ్గురం ఎళ్దాం" అంది. "వంకాయలు నేను తరుగుతాను."